"గుహాంధకారసంబాధం": కలలో పాత సందు కనబడితే

అడిగినవారు (ఏలూరు):

పెద్దలకు నమస్కారం. మా అమ్మకు కొన్నాళ్లుగా ఒకే కల మళ్లీ మళ్లీ వస్తోంది. వాళ్ల పుట్టింట్లో వంటింటి పక్కనుంచి పెరట్లోకి వెళ్లే సన్నటి సందు ఒకటి ఉండేది. ఇల్లు అమ్మేసి చాలా ఏళ్లయింది, కొన్నవాళ్లు పడగొట్టి మేడ కట్టుకున్నారు. కలలో మాత్రం ఆ సందు అలాగే ఉంటుందట. ఎంత నడిచినా పెరడు రాదట. తెల్లవారుజామున వస్తుంది కాబట్టి నిజమవుతుందేమోనని ఆవిడ దిగులు. దానికితోడు మా బంధువు ఒకాయన ఫోన్‌లో ఈ శ్లోకం పంపించారు:

రక్తపుష్పం వనం భూమిం పాపకర్మాలయం చితామ్ |
గుహాంధకారసంబాధం స్వప్నే యః ప్రవిశత్యపి ||

కింద "ఇరుకు దారిలోకి వెళ్లినట్టు కల వస్తే మృత్యుసూచన" అని రాసి ఉంది. అప్పటినుంచి అమ్మ సరిగ్గా అన్నం తినడం లేదు. "గుహాంధకారసంబాధం" అంటే అసలేమిటి? పుట్టింటి సందుకు ఆ మాట వర్తిస్తుందా?

మాస్టారు:

అమ్మగారిని ముందు భోజనానికి కూర్చోబెట్టండమ్మా. ఆ శ్లోకం ఆవిడ గురించి కాదు. ఎందుకు కాదో కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదివి ఆవిడకు వినిపించండి.

ఈ శ్లోకం చరకసంహిత అనే ఆయుర్వేద గ్రంథంలోది. ఇంద్రియస్థానంలో ఐదో అధ్యాయం, పేరు పూర్వరూపీయం. ఇంద్రియస్థానమంటే కళ్లూ చెవుల గురించిన భాగం అనుకునేరు. రోగి దక్కుతాడా దక్కడా అని వైద్యుడు కనిపెట్టడానికి పనికొచ్చే గుర్తులను అందులో చెప్పారు. ఆ గుర్తుల్లో కొన్ని రోగి కన్న కలలు. పుట్టలోనో బూడిదలోనో శ్మశానంలోనో గోతిలోనో పడ్డట్టు, బురదనీళ్లలో, చీకటి కమ్మిన బావిలో మునిగినట్టు, ఇలా వరసగా చెప్పుకుంటూ వచ్చి మీరు పంపిన శ్లోకం చెప్పారు.

ఇక మాట సంగతి. "బాధ" అని వినబడగానే మనకు నొప్పే తోస్తుంది. సంబాధమంటే ఒకదాన్నొకటి ఒరుసుకునేంత ఇరుకు. జనసంబాధం అంటే జనం కిక్కిరిసి ఉండటం. కాబట్టి ఈ సమాసాన్ని "గుహలోని చీకటితో ఇరుకైన చోటు" అని విప్పుకోవచ్చు, "గుహ, చీకటి, ఇరుకు" అని మూడుగానూ విప్పుకోవచ్చు. ఎలా విప్పినా అది చోటే గాని దారి కాదు. శ్లోకంలో దాని తోడు ఏమున్నాయో చూడండి: ఎర్రపూల అడవి, పాపులుండే ఇల్లు, చితి. క్రియ ఏమిటి? ప్రవిశతి, లోపలికి పోతాడు. నడిచి అవతలికి పోవడమన్న ఊసే లేదు. దారి అని చెప్పదలిస్తే సంస్కృతంలో మాటలకు కరువా? వీథి, రథ్య, పథం, మార్గం ఉన్నాయి. అవేవీ ఇక్కడ వాడలేదు. "ఇరుకు దారి" అన్నది ఆ ఫోన్ సందేశం రాసినవాళ్లు సొంతంగా చేర్చిన మాట.

తెల్లవారుజాము కల గురించి కూడా చెబుతాను. ఆ నమ్మకానికి మూలం అగ్నిపురాణం లాంటి గ్రంథాల్లో ఉంది. మొదటి జాములో వచ్చిన కల ఏడాదికి, రెండో జాముది ఆరు నెలలకు, మూడో జాముది మూడు నెలలకు, నాలుగోది పక్షానికి, అరుణోదయాన వచ్చింది పది రోజులకు ఫలిస్తుందని లెక్క చెప్పారు. కల కొన్నాళ్లుగా వస్తోందన్నారు కదా. ఆ లెక్క నమ్మేవాళ్లకైనా మొదటి కల గడువు ఎప్పుడో దాటిపోయింది. అమ్మగారు క్షేమంగా ఉన్నారు.

వేదపాఠశాలలో చదివినవారు (రాజమండ్రి):

మాస్టారూ, మీ అర్థం బాగానే ఉంది గాని ఒక సందేహం. ఆ పట్టిక చివర "ఇత్యేతే దారుణాః స్వప్నా రోగీ యైర్యాతి పంచతామ్, అరోగః సంశయం గత్వా కశ్చిదేవ ప్రముచ్యతే" అని ఉంది. రోగి అయితే పోతాడు, రోగం లేనివాడు కూడా ప్రాణసంశయంలో పడి ఏ ఒక్కడో బయటపడతాడు అని కదా? మరి ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు వర్తించదని ఎలా అనగలం?

మాస్టారు:

సరైన చోట పట్టుకున్నారు. ఆ పాదాన్ని దాటవేయకూడదు. దాని వెంటనే వచ్చే శ్లోకాలనూ దాటవేయకూడదు. చరకుడు కలల్ని ఏడు రకాలు చేశాడు: దృష్టం, శ్రుతం, అనుభూతం, ప్రార్థితం, కల్పితం, భావికం, దోషజం. చూసినది, విన్నది, అనుభవించినది, కోరుకున్నది, ఊహించుకున్నది, జరగబోయేది, వాతపిత్తకఫాల వల్ల పుట్టినది. "తత్ర పంచవిధం పూర్వమఫలం భిషగాదిశేత్": వీటిలో మొదటి అయిదింటికీ ఫలం లేదని వైద్యుడు చెప్పాలి. గమనించండి, "ఆదిశేత్" అన్నాడు. ఫలం లేదని నోరు తెరిచి చెప్పడం వైద్యుడి బాధ్యత అన్నమాట.

ఆ అమ్మగారు చిన్నప్పుడు రోజుకు పదిసార్లు నడిచిన సందు అది. కళ్లతో చూసింది, కాళ్లతో తొక్కింది. దృష్టం, అనుభూతం. మళ్లీ ఒక్కసారి ఆ పెరడు చూడాలని మనసులో ఉంటే ప్రార్థితం కూడా. మూడు లెక్కల్లోనూ అఫలమే. దారుణ స్వప్నాల పట్టికలోకి లాక్కురావడానికి దానికి ఏ అర్హతా లేదు.

ఇదే అధ్యాయంలో కలలకు కారణం చెప్పిన శ్లోకం ఒకటుంది, నాకు ఎంతో ఇష్టమైనది. మనోవహ స్రోతస్సులు మూడు దోషాలతో బలంగా నిండిపోయినప్పుడు భయంకరమైన కలలు వస్తాయన్నాడు. స్రోతస్సంటే పారే దారి, కాలువ. మనసు ప్రయాణించే దారులు మన ఒంట్లోనే ఉన్నాయనీ, అవి పూడుకుంటే పీడకల పుడుతుందనీ ఆయన ఊహ. నేటి వైద్యం దీన్ని ఇలా ఒప్పుకోదు, అది వేరే విషయం. కానీ భావం ఎంత దూరం పోయిందో చూడండి. కలలో ఇరుకు కనబడితే అది బయటి లోకంలో రాబోయే ఆపద కబురు కాదు, లోపలి దారి ఇరుకైందన్న కబురు. అలాంటప్పుడు అమ్మగారిని అడగాల్సింది "ఏమవుతుందో" అని కాదు, "మనసులో ఏముందమ్మా" అని.

కరీంనగర్ నుంచి ఒకరు:

సార్, మా దిక్కు సందు అనుడు తక్కువ, గల్లీ అంటం. మా నాయనమ్మ అయితె కలల సొరంగం కనవడితె మంచిదనేది, లంకెబిందెలు దొరుకుతయనేది. గోల్కొండ నుంచి చార్మినార్ దాక సొరంగం ఉన్నదని చిన్నప్పటిసంది ఇంటున్నం గదా. మరి ఒకలకు చావు, ఇంకొకలకు లంకెబిందెలు ఎట్లయితయి?

మాస్టారు:

చాలా మంచి ప్రశ్న తమ్ముడూ. నా ఉద్దేశంలో చర్చకు అసలు కీలకం ఇక్కడే ఉంది. సందు, సొరంగం, బిలం, నడవ, దొడ్డిదారి, వీటన్నిటినీ ఒకే గాట కట్టి "కలలో దారి" అనేస్తున్నాం. మన భాషలో ఒక్కోదాని వెనక ఒక్కో కథ, ఒక్కో బతుకు ఉంది.

సొరంగం మనుషులు తవ్వినది. సంస్కృతంలో సురంగ, సురుంగ. గ్రీకువాళ్ల సిరింక్స్ అన్న మాటనుంచి వచ్చిందని పండితులు చెబుతారు. అర్థశాస్త్రంలో కోటల సందర్భంలో కనబడుతుంది. మనందరికీ తెలిసిన సొరంగం లక్క ఇంటిది. విదురుడు పంపిన తవ్వేవాడు ఇంటి నడిమధ్యన నేల లోపలికి దారి చేసి, పైన తలుపు పెట్టి, ఆ ఇంటికి నిప్పు పెట్టడానికి కాచుకుని ఉన్న పురోచనుడికి అనుమానం రాకుండా నేలతో సమానంగా కప్పేశాడు. పాండవులు బతికి బయటపడింది అందులోంచే. కోటల కింద సొరంగాల కథల్లో కూడా ఉండేవి రెండే: రాజు తప్పించుకోవడం, ధనం దాచడం. మీ నాయనమ్మగారి మాట ఆ కథల్లోంచి వచ్చింది. మంగళగిరి కొండ మీది గుహలోంచి ఉండవల్లికి దారి ఉందనీ, మునులు అటునుంచి కృష్ణలో స్నానానికి వెళ్లేవారనీ మా వైపు చెప్పుకుంటారు. అక్కడ చావు ఊసు లేదు, స్నానం ఉంది.

బిలం అలా కాదు. అది ఎవరూ తవ్వనిది. కిష్కింధకాండలో హనుమంతుడూ అంగదుడూ దక్షిణదిక్కున సీతమ్మను వెతుకుతూ దాహంతో అల్లాడుతున్నప్పుడు ఋక్షబిలం కనబడుతుంది. లోపల ఏముందో తెలియదు. కానీ అందులోంచి హంసలు, క్రౌంచాలు, సారసాలు, చక్రవాకాలు బయటికి వస్తున్నాయి. రెక్కలు తడిసి ఉన్నాయి, ఒంటికి తామరపుప్పొడి అంటుకుని ఎర్రగా ఉన్నాయి. అంటే లోపల నీళ్లున్నాయి, తామరలున్నాయి. ఆ పుప్పొడి చూసి హనుమంతుడు ధైర్యం చేశాడు. చీకట్లో ఒకరినొకరు పట్టుకుని యోజనం దూరం నడిచారు. తర్వాత వెలుగు, బంగారు చెట్లు, మయుడు కట్టిన భవనాలు, తపస్సు చేసుకుంటున్న స్వయంప్రభ. ఆవిడ పళ్లూ దుంపలూ పెట్టింది, నీళ్లిచ్చింది. కళ్లు మూసుకోమని చెప్పి బయటికి చేర్చింది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా సముద్రం. లోపల ఉండగానే సుగ్రీవుడిచ్చిన గడువు దాటిపోయింది కాబట్టి భయం కూడా ఉంది, కాదనను. కానీ ఆ ఒడ్డునే సంపాతి కలిశాడు, సీతమ్మ జాడ తెలిసింది. ఇది కల కాదు, అయినా మన పూర్వులు చీకటి దారిని ఎలా ఊహించారో ఇంతకన్నా బాగా చెప్పే ఘట్టం నాకు తెలియదు. గుహ ఉంది, అంధకారం ఉంది, సంబాధం ఉంది. చరకుడి మూడు మాటలూ ఉన్నాయి. దొరికింది మాత్రం తిండి, నీళ్లు, దారి.

నంద్యాల నుంచి ఒకరు:

మాస్టారూ, బిలం అనేసరికి మా బెలుం గుహలు గుర్తొచ్చాయి. ఆ ఊరి పేరే బిలం నుంచి వచ్చిందంటారు. పైనుంచి చూస్తే చదునైన పొలం మాదిరి ఉంటుంది, మధ్యలో బావి లాంటి గొయ్యి, మెట్లు దిగితే లోపల మూడు కిలోమీటర్లకు పైగా దారులు. కొన్నిచోట్ల వంగి నడవాల. చెమట ధారగా కారుతుంది, గాలి లోపలికి పంపే గొట్టాల దగ్గర నిలబడితే గాని ప్రాణం కుదుటపడదు. అన్నిటికన్నా అడుగున ఉన్న చోటును పాతాళగంగ అంటారు, అక్కడ నీళ్లు పారతా ఉంటాయి. మీరు చెప్పిన తడిసిన పక్షులు చదివినప్పుడు అదే తట్టింది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త చూసి రాశాడు, 1982లో జర్మనీవాళ్లు వచ్చి లోపలంతా కొలిచారు, కానీ మా పెద్దోళ్లకు అంతకుముందు నుంచే తెలుసు.

మాస్టారు:

ధన్యవాదాలమ్మా. "వంగి నడవాల" అన్నారే, సంబాధం అంటే సరిగ్గా అదే. నిఘంటువు చూసి అర్థం చేసుకోవడం కన్నా ఆ చెమట తెలిసినవాళ్లు చెబితే మాట బాగా పట్టుబడుతుంది.

ఇక సందు దగ్గరికి వద్దాం. ఇది సొరంగమూ కాదు, బిలమూ కాదు. రెండు గోడల మధ్య మిగిలిన చోటు. సంధికి వికృతి సంది, సంధ్యకు వికృతి సందె, సందు కూడా ఆ కుటుంబంలోదే. రెండు కలిసే చోటు, ఒకటి ముగిసి ఇంకొకటి మొదలయ్యే చోటు. పాత ఇళ్లలో వంటింటి పక్క సందు ఆడవాళ్ల దారి. వీధి అరుగు మీద మగవాళ్లు కూర్చుంటే కోడళ్లూ కూతుళ్లూ చుట్టాలమ్మలూ మసిలింది పెరటి వైపునుంచే. ఈరోజు "దొడ్డిదారి" అంటే అక్రమమని అర్థం వచ్చేసింది, నాకు అది బాధగానే ఉంటుంది. ఒకప్పుడు సగం ఇల్లు నడిచింది ఆ దారినే. నీళ్ల బిందె చంకన పెట్టుకుని పోతుంటే మోచెయ్యి రాసుకుని గోడ సున్నం ఒకచోట నున్నగా అరిగిపోయి ఉండేది. పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల ముందు చూసేది ఆ సందునే. ఆ ఇల్లు అమ్ముడైపోయి, గోడలు కూలిపోతే, ఆవిడకు కలలో నడవడానికి ఇంకే దారి మిగిలింది? పెరడు ఎందుకు రావడం లేదంటే, పెరడు లేదు కాబట్టి. ఇందులో మృత్యువు లేదు. బెంగ ఉంది.

డాలస్ నుంచి ఒకరు:

మాస్టారూ, ఇక్కడ దొరికే కలల పుస్తకాల్లో "కారిడార్ కనబడితే జీవితంలో మార్పు, సొరంగం కనబడితే పుట్టుక" అని ఒక్కో వస్తువుకు ఒక్కో అర్థం రాసి ఉంటుంది. మనసునూ కలలనూ పరిశోధించిన యూంగ్, ఫ్రాయిడ్ చెప్పిందీ అదేనా?

మాస్టారు:

అలా ఒక్కో వస్తువుకు ఒక్కో అర్థం రాసే అలవాటు మన స్వప్నఫలాల పుస్తకాల్లోనూ ఉంది కాబట్టి వాళ్లనొక్కళ్లనీ అనలేం. యూంగ్ సంగతి వేరు. 1909లో ఫ్రాయిడ్‌తో కలిసి అమెరికాకు వెళ్లిన ప్రయాణంలో ఆయనకొక కల వచ్చింది. తనదే అనిపించే రెండంతస్తుల ఇల్లు. పై అంతస్తులో పద్దెనిమిదో శతాబ్దపు సామాను. కిందికి దిగితే పదిహేనో పదహారో శతాబ్దం నాటిది. ఇంకా కిందికి రాతిమెట్లు, రోమన్ల కాలపు గోడలు. నేల మీద ఉంగరం బిగించిన రాతిపలక, దాన్ని ఎత్తితే సన్నటి మెట్లు, ఆ కింద గుహ, దుమ్ములో పగిలిన కుండలు, రెండు పుర్రెలు. ఫ్రాయిడ్ పట్టు ఆ పుర్రెల మీదే, ఎవరి చావు కోరుకుంటున్నావని అడిగాడు. యూంగ్‌కు మాత్రం అది మనిషి మనసులో పొరలు పొరలుగా ఉన్న పాతకాలంగా తోచింది. ఒకటే కల, ఇద్దరు మహా పండితులు, పొంతన లేని రెండు అర్థాలు. నేనైతే యూంగ్ వైపే. కల ఆయనది, చరిత్ర మీద మక్కువ ఆయనది, అర్థం కూడా ఆయన జీవితంలోంచే రావాలి.

ఈ మాట మన దగ్గర అంతకు చాలా ముందే ఉంది. బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు జనకుడికి చెబుతాడు: పురుషుడికి రెండు చోట్లు, ఈ లోకం, పరలోకం. "సంధ్యం తృతీయం స్వప్నస్థానమ్". మూడోది కల, అది ఆ రెండిటి సందు. అక్కడ నిలబడి రెండువైపులా చూస్తాడట. సందులో నిలబడ్డవాడు ఇటు వంటిల్లూ అటు పెరడూ చూసినట్టే కదా. వెంటనే ఇంకో వాక్యం: "న తత్ర రథా న రథయోగా న పంథానో భవంతి, అథ రథాన్ రథయోగాన్ పథః సృజతే". అక్కడ రథాలు లేవు, గుర్రాలు లేవు, దారులు లేవు. రథాలనూ గుర్రాలనూ దారులనూ తానే సృష్టించుకుంటాడు. దారులు కూడా! కలలో కనబడే ప్రతి దారీ కల కనేవాళ్లు వేసుకున్నదే. అలాంటప్పుడు ఆ దారి ఎందుకు వేశారో వాళ్లను అడగకుండా పట్టికలో వెతికితే ఏం దొరుకుతుంది?

రాజమండ్రి సభ్యుడు:

ఒప్పుకుంటున్నాను మాస్టారూ. కాని బ్రహ్మసూత్రాల్లో "సంధ్యే సృష్టిరాహ హి" (కలలో సృష్టి ఉందని శ్రుతి చెబుతోంది) అన్న తర్వాత కొంచెం ముందుకు పోతే "సూచకశ్చ హి శ్రుతేః" అని కూడా ఉంది. కల సూచకం అని శ్రుతి చెబుతోందని. సూచన పూర్తిగా లేదనడం కుదరదు.

మాస్టారు:

కుదరదు, నిజమే. నేనూ అలా అనడం లేదు. అక్కడ ఉదాహరణగా చూపేది ఛాందోగ్య ఉపనిషత్తులో కామ్యకర్మ, అంటే ఒక కోరికతో చేసే కర్మ, చేస్తున్నవాడి కల. కలలో స్త్రీ కనబడితే ఆ కర్మ ఫలిస్తుందని తెలుసుకోమన్నారు. ఎవరు, ఏ పనిలో ఉండగా కన్నారో చెప్పి మరీ ఫలం చెప్పారు. త్రిజట కల కూడా లంకలో, సీత ఎదుట, ఆ యుద్ధం ముంగిట వచ్చింది. సందర్భం తీసేసి శ్లోకం ఒక్కటే ఫోన్‌లో పంపడాన్నే నేను కాదంటున్నాను.

అడిగినవారు (ఏలూరు):

మాస్టారూ, మొత్తం చదివి వినిపించాను. తడిసిన పక్షుల దగ్గర అమ్మ ఆపి మళ్లీ చదవమంది. రాత్రి భోంచేసింది. కానీ మళ్లీ ఆ కల వస్తే ఏం చెయ్యాలో అడగమంటోంది. ఇంకో మాట, తనవాళ్లు దాన్ని సందు అనేవారు కాదట, "పెరటి నడవ" అనేవారట.

మాస్టారు:

చాలా సంతోషం. గజేంద్రమోక్షం విన్నవాళ్లకు దుస్స్వప్నం పోతుందని భాగవతమే ఫలశ్రుతిలో చెబుతుంది. ఆవిడకు "లావొక్కింతయు లేదు" వచ్చే ఉంటుంది, పడుకోబోయే ముందు చదువుకోమనండి. చరకుడి మాట కూడా ఒకటి చెప్పండి. చెడ్డ కల వచ్చాక మళ్లీ నిద్రపోయి శుభమైన కల కంటే ఆ శుభమే ఫలిస్తుందన్నాడు. కాబట్టి మెలకువ వస్తే లేచి కూర్చుని దిగులుపడొద్దు, అటు తిరిగి పడుకోమనండి. ఆ తర్వాత కూడా ఆవిడ తిండి, నిద్ర దెబ్బతింటుంటే మాత్రం మంచి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. శ్లోకాలతో సరిపెట్టవద్దు.

"పెరటి నడవ" అన్న మాట మాకు చాలా విలువైనది. నడవ అంటే మా వైపు వీధివాకిలికీ మండువాకూ మధ్య ఉండే చోటే, పెరటి వైపు దారిని అలా అనడం నేను వినలేదు. పైకప్పు ఉండేదా, రెండు గోడల మధ్య ఆకాశం కనబడేదా? తలుపు పెరటి చివర ఉండేదా, వంటింటి చివరా? అమ్మగారిని నిదానంగా అడిగి, ఊరి పేరుతో సహా ఇక్కడ రాయండి. గుంపులో మిగతావాళ్లు కూడా మీ ఇళ్లలో ఆ దారిని ఏమనేవారో చెప్పండి. గొంది అనేవాళ్లుంటే మరీ ముఖ్యంగా. "సందుగొందులు" అని జంటగా వాడటమే గాని, ఇంటి పక్క దారిని విడిగా గొంది అనేవాళ్లు ఏయే ఊళ్లలో ఉన్నారో తెలుసుకోవాలని ఉంది.